గోతికి కట్టిన ఎర్ర చీరలు

ఆ ఉదయం సంతోషకుమారి అనుకున్న పని ఒక్కటే. అత్తగారు చిన్నమ్మి ప్రార్థనకు బయలుదేరేలోగా గేటు ముందున్న గోతికి ఏదో ఒక అడ్డు కట్టాలి.

బస్తర్‌లో కిరందూల్ రైలు లైనులోని ఆ చిన్న స్టేషను క్వార్టర్ల ముందు, రెండో లైను వేసే పనివాళ్లు నడుములోతు గొయ్యి తవ్వి ఇరవై రోజులైంది. తవ్విన మట్టిని పక్క కాలువలో పోశారు. కాలువ పూడిపోయి వాన నీళ్లన్నీ గోతిలోకే చేరాయి. కంచె మాట ఎవరూ ఎత్తలేదు. సంతోషకుమారి నాలుగు అర్జీలు రాస్తే నాలుగింటికీ "చూస్తాం" అన్నారు, చూడటానికైనా ఒక్కరూ రాలేదు. చిన్నమ్మికి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆమె కంటికి కాస్త ఆనేది ఎరుపు ఒక్కటే. అందుకని సంతోషకుమారి మూడు ఎర్ర చీరలు తీసి, వెదురు బొంగులు పాతి, పక్కన మనిషి నడిచేంత దారి వదిలి, గోతి చుట్టూ బిగించి కట్టింది.

"ఆనుతోందా అత్తా?"

"ఆనకేటమ్మా! పెళ్లిపందిరిలా మెరిసిపోతోంది."

స్టేషను మాస్టరు భార్య అయివుండీ సంతోషకుమారి మరిచిన సంగతిని, ఇనుప ఖనిజంతో వస్తున్న గూడ్సు డ్రైవరు శ్యామ్‌ప్రసాద్ మరవలేదు. లైను పక్కన ఎరుపు కనబడగానే బండి ఆపేశాడు.

కాసేపటికి స్టేషను మాస్టరు జయరావు పచ్చజెండాతో రొప్పుతూ వచ్చాడు.

"ఏటే ఇది? కంట్రోలు వాళ్లు ఫోనులో నన్ను తినేస్తున్నారు! వెనకాల ఇంకో గూడ్సు ఆగిపోయింది. ముందు ఆ చీరలు తీసెయ్!"

"తీస్తానండీ. మీ అమ్మ గోతిలో పడ్డాక తీస్తాను."

"సార్, ఎరుపు ఉండగా నేను కదల్ను," అని శ్యామ్‌ప్రసాద్ ఇంజనులోంచి అరిచాడు. "అక్కని ఒప్పించుకోండి!"

ఇంతలో కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు సునీల్‌కుమార్ మోటారుసైకిలు దిగాడు.

"ఏంది మేడం ఈ తమాషా? కంచె ఎప్పుడో కట్టినం. ఫైల్ల ఫొటో కూడా ఉన్నది, చూడండి."

ఫోనులో నీలం రేకుల కంచె ఉంది. దాని వెనక కొబ్బరిచెట్లు, ఆ వెనక సముద్రం.

సంతోషకుమారికి ఒళ్లు మండిపోయింది. "బస్తర్‌కి సముద్రం ఎప్పుడొచ్చిందయ్యా? ముసలామె పడితే ఈ ఫొటో పట్టుకుని పైకొస్తాదా? కంచె వెయ్యండి. కాలువలో మట్టి తియ్యండి. అందాకా చీర కొంగు కూడా కదలదు!"

కంట్రోలు నుంచి మళ్లీ ఫోను మోగింది. జయరావు దాన్ని తీసుకెళ్లి సునీల్‌కుమార్ చెవికి ఆనించాడు. సునీల్‌కుమార్ పదకొండుసార్లు "జీ సర్" అని, చెమట తుడుచుకుని పనివాడికి కేకపెట్టాడు.

"మంగ్లూ! రేకులు దించు, జల్దీ!"

ఇరవై రోజుల్లో కాని పని నలభై నిమిషాల్లో అయింది. కాలువ తెరుచుకుని గోతిలో నీళ్లు దిగిపోయాయి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మనిషెత్తున, గేటుకు ఆనించి రేకులు లేచాయి. చివరి రేకు బిగించేలోగా సంతోషకుమారి గర్వంగా చీరలు విప్పుకుని లోపలికి వెళ్లింది. జయరావు పచ్చజెండా ఊపాడు. రెండు గూడ్సులూ కదిలాయి.

అప్పుడు చిన్నమ్మి బైబిలు పట్టుకుని గేటు తీసింది. చేతికి రేకు తగిలింది. ఎడమకు తడిమింది, కుడికి తడిమింది.

"సంతోషీ, దారేదమ్మా?"

సంతోషకుమారి స్టూలెక్కి రేకుల మీదుగా తల బయటపెట్టింది. అవతల జయరావు జెండాతో దిక్కులు చూస్తున్నాడు. సునీల్‌కుమార్ బండి స్టార్టు చేస్తున్నాడు.

"ఓ బాబూ! మేం ఎటునుంచి రావాలి?"

"డ్రాయింగ్‌ల దారి లేదు మేడం. అర్జీ పెట్టుకోండి!"

చిన్నమ్మి గోతిలో పడే ప్రమాదం ఆ రోజుతో పూర్తిగా తొలగిపోయింది.