తలరాతలో తప్పిపోయిన గీత

“లోకంలో నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్ళు ఒకరు. నేను నిద్ర లేవకముందే నేరం చేసి పారిపోయినవాళ్ళు ఇంకొకరు!”

గుమ్మంలో నిలబడి ఈ ప్రకటన చేసిన మహామేధావి ఉద్యోగరీత్యా కరెంటు మీటర్లు చూసే మనిషి. ఇంటింటికీ తిరిగి మీటరు చూసేవాడు మ్యాటరు చూడలేడా అన్న ధీమాతో అపరాధ పరిశోధన మొదలుపెట్టాడు. మీటర్లో అంకెలు కంటికి ఆనక భూతద్దం కొనుక్కుంటే, వీధి వీధంతా కలిసి ఆయనకు ‘భూతద్దం’ అనే పేరు ఖాయం చేసింది. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే. పోయిన తన చెప్పుల్ని తన కాళ్ళకే పట్టుకున్నాడు.

లోపల లాప్‌టాప్ ముందు కూర్చున్న చెల్లెలు తల పట్టుకుంది. తప్పు తనదే. వాళ్ళ ఆఫీసులో కంప్యూటరు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగడానికి అన్నయ్యకి ఫోన్ చేసింది. “హెడ్డు ఉంది గానీ బాడీ కనిపించడం లేదన్నయ్యా” అనేసరికి అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఇప్పుడిదిగో, ఎండలో నల్లకోటుతో ప్రత్యక్షం.

“ఏదీ ఆ హెడ్డు?”

“కంప్యూటర్లో ఉంది. వెబ్‌పేజీ హెడ్డు. హత్యా లేదు, గిత్యా లేదు. కూర్చో, మంచినీళ్ళు తెస్తాను.”

“హత్య అనే మాట నేను అన్లేదే! నీ నోట ఎలా వచ్చింది?” అని భూతద్దం కళ్ళు చికిలించాడు.

ఆమెకి నవ్వే ఓపిక లేదు. ఇన్నేళ్ళూ పెద్ద షాపులవాళ్ళు పంపిన బట్టలు కుట్టడం, మెడ వెనక వాళ్ళ పేరున్న పట్టీ అతికించడం. తన పేరు ఏ బట్ట మీదా లేదు. నెల కిందట ఒక నాటక బృందం మేనేజరు కబురు చేశాడు. “మీరు సొంతంగా కుట్టినవన్నీ ఒక పేజీలో పెట్టండి. నెల తిరిగేనాటికి, మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం కూర్చుని చూస్తాం. నచ్చితే నాటకం మొత్తం మీదే” అన్నాడు. దానికోసం కంప్యూటర్ క్లాసులో చేరి, పేజీ రాయడం నేర్చుకుని, లింకు పంపేసింది. వాళ్ళు చూసేది ఇవాళే. పొద్దున బుద్ధి ఊరుకోక షాపు పేరు మార్చింది. అంతే, పేజీ మొత్తం ఇస్త్రీ చేసిన దుప్పటిలా తెల్లగా అయిపోయింది. ఎడమపక్క తను రాసింది రాసినట్టే ఉంది. కుడిపక్క పేజీ కనిపించాల్సిన చోట శూన్యం. అక్కడ ఏం కనిపిస్తే మేనేజరుకీ అదే కనిపిస్తుంది.

ఇంతలో ఫోన్ మోగింది. పొద్దున పెట్టిన సందేశం చూసి, క్లాసు చెప్పే మేడం. భూతద్దం చటుక్కున స్పీకరు నొక్కాడు.

“పేజీ ఖాళీగా వస్తోందా అండీ? తలరాతలో ఎక్కడో గీత మిస్సయి ఉంటుంది. గీతని వెతకండి, అంతా సర్దుకుంటుంది. క్లాసు మధ్యలో ఉన్నా, మళ్ళీ చేస్తా.”

ఫోన్ పెట్టేసింది. భూతద్దం కోటు బొత్తాలు పెట్టుకున్నాడు.

“గీత మిస్సింగ్! హతురాలి పేరు దొరికింది.”

“అన్నయ్యా, గీతంటే గీత! పెన్నుతో గీస్తామే, ఆ గీత. పేజీకి హెడ్డులో రాసేదాన్ని మా మేడం తలరాత అంటుంది.”

“పాపం, ఆ పిల్ల తలరాత అలా ఉంది. వయసెంత?”

“ఏదో ట్యాగు ముయ్యడం మర్చిపోయుంటాను. నన్ను వెతుక్కోనీ.”

“తాగి ముయ్యడం మర్చిపోయావా? ఛీ ఛీ! బావ అలవాటు చేశాడా?”

ఆ బావగారు అప్పుడే వెనక గదిలోంచి మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో వచ్చాడు. ఈ ఇంట్లో సూది ఆమెది, కత్తెర ఆయనది. బావమరిదిని చూడకుండానే భార్యతో అన్నాడు: “చేతులు రెండూ కత్తిరించేశానే. మెడ ఇప్పుడు కొయ్యమంటావా, సాయంత్రం చూసుకుందామా?”

భూతద్దం తన భూతద్దాన్ని డాలులా అడ్డం పెట్టుకున్నాడు.

“బావా, ఆ కత్తెర కింద పెట్టు. మెల్లగా.”

“నువ్వెప్పుడొచ్చావోయ్? కోటేంటి, జ్వరమా?”

“ప్రశ్నలు నావి. జవాబులు నీవి. గీత నీకు ఎన్నాళ్ళుగా పరిచయం?”

“ఏ గీత?”

“ఎంత అమాయకత్వం! మెడ ఎందుకు కొయ్యాలనుకున్నావ్?”

“కొయ్యకపోతే తల ఎలా దూరుతుందోయ్?”

“తల హెడ్డు దగ్గరుంది!” అని అరిచి వెనక్కి అడుగేసిన భూతద్దం, వెనక గది తలుపు తగిలి లోపలికి పడ్డాడు. లోపల్నుంచి కేక వినిపించింది. “దొరికింది! బాడీ దొరికింది! చెల్లీ, చూడకు, తట్టుకోలేవు! తలా లేదు, చేతులూ లేవు, కర్రకి గుచ్చి నిలబెట్టాడు కసాయి!”

“అది కొలతల బొమ్మరా నాయనా!” అన్నాడు బావ. “దాని మీద జాకెట్టు చూసి చెప్పు, భుజం సరిగ్గా కూచుందా?”

చెల్లెలు ఈ గోల మధ్యనే వరుస వరుసా వేలుతో వెతుకుతోంది. వేలు షాపు పేరు దాకా వచ్చేసరికి భూతద్దం వచ్చి ఆ వేలు లాగేశాడు.

“సాక్ష్యాల మీద వేలిముద్రలు వెయ్యకూడదు. లే.”

“అన్నయ్యా, వాళ్ళ భోజనాలు అయిపోయుంటాయి. ఒక్కసారి నా పేరు మీద నేను కుట్టుకోవాలని ఉంది. ఇంకేం అడగలేదు నిన్ను.”

అన్నగారికి అది అర్థమైంది. పొరపాటుగా అర్థమైంది. “నీ పేరు మీద మచ్చ పడనివ్వను” అంటూ కుర్చీలో కూలబడి, తెర మీదికి వంగాడు. ఎడమపక్క ఒక సన్నటి పుల్ల టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది.

“ప్రాణం ఉంది! ఇంకా కొట్టుకుంటోంది!”

“అది కర్సరు!”

“కసరకు. నాడి చూడనీ.” మణికట్టు పట్టుకున్నంత గంభీరంగా లాప్‌టాప్ కింది పలక మీద రెండు వేళ్ళు ఆనించి నొక్కాడు. కొట్టుకునే పుల్ల ఉన్నచోటి నుంచి ఎగిరి, షాపు పేరు చివరున్న గుర్తు లోపల వాలింది. భూతద్దం లేచి నిలబడి, గొంతు సవరించుకుని, కనపడని జనాన్ని ఉద్దేశించి చెయ్యెత్తాడు.

“హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు! మెడలో టేపు, చేతిలో కత్తెర, మొహంలో అమాయకత్వం! బావా, నువ్వే...”

‘నువ్వే’ దగ్గర బల్ల గుద్దాలనుకున్నాడు. బల్ల బదులు లాప్‌టాప్ అందింది. భూతద్దం పిడి టక్కుమని మూలనున్న ఒక మీట మీద పడింది.

తెల్లటి దుప్పటి తొలగిపోయింది. పైన షాపు పేరు, కింద రాజుగారి అంగీ, మంత్రి శాలువా, పెళ్ళికూతురి గౌను, అన్నీ వరుసకట్టి నిలబడ్డాయి.

చెల్లెలు అన్నగారిని పక్కకి నెట్టి చూసింది. షాపు పేరు మొదలయ్యేచోట ట్యాగు గుర్తు పెట్టింది గానీ, ముగిసేచోటి గుర్తులో ఉండాల్సిన వాలుగీత పెట్టలేదు. పేరు ఎక్కడ ఆగిందో తెలియని కంప్యూటరు, పేజీ మొత్తాన్నీ పేరే అనుకుని తలలో కుక్కుకుంది. కుట్టు చివర ముడి వెయ్యకపోతే ఏమవుతుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నగారి పిడిదెబ్బ సరిగ్గా ఆ ముడి వేసింది.

ఫోన్ కుయ్యిమంది. మేనేజరు సందేశం. “ఇందాక పేజీ తెరిస్తే ఏమీ రాలేదు. వేరేవాళ్ళని చూద్దామనుకుంటూ ఆఖరిసారి తెరిచాం. బాగున్నాయి. నాటకం పని మీదే. కరపత్రంలో మీ షాపు పేరు ఎలా వెయ్యాలో రాసి పంపండి.”

ఆమె మూడుసార్లు చదివింది. తర్వాత భర్త చేతిలోని కత్తెర తీసుకుని పక్కన పెట్టి, ఆయన మెడలోని టేపుతోనే కళ్ళు తుడుచుకుంది.

“కేసు ముగిసింది” అన్నాడు భూతద్దం, కోటు దులుపుకుంటూ. “బావని సంశయలాభం కింద వదిలేస్తున్నాను. కానీ ఒక్క సంగతి తేలలేదు. గీత ఏదీ?”

చెల్లెలు నవ్వుతూ తెర మీద వేలు పెట్టింది. “ఇదిగో. నువ్వే తెచ్చావు.”

భూతద్దం వంగి, అద్దం ఆనించి, పక్కకి వాలి ఉన్న ఆ గీతని చాలాసేపు పరీక్షించాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“నిలబడలేక వాలిపోయింది పాపం. ఎంత సన్నగా ఉందో చూడు! దీనికి ఎన్నాళ్ళుగా తిండి పెట్టలేదు బావా?”