పోయింది డబ్బానే

ఎర్రబోరులో రోడ్డు పక్కన పంక్చర్ దుకాణం నడిపే రామనర్సయ్య ఆ పొద్దున ఒక్కటే పని పెట్టుకున్నాడు. భార్య సారలమ్మనూ, భద్రాచలంలో ఉండే ఆమె అక్క కృష్ణకుమారినీ మాట్లాడించాలి. కొన్నేళ్ళ కింద కృష్ణకుమారి తన కొడుకు పెళ్ళిలో ఆడబిడ్డలకు పట్టుచీరలు పెట్టి, చెల్లెలికి మామూలు చీర పెట్టింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఒట్టి గొంతు వింటే మళ్ళీ తగాదా పడతారు గానీ, మొహాలు చూసుకుంటే కరుగుతారని రామనర్సయ్య నమ్మకం. అందుకే వదినను బతిమాలి వీడియో కాల్‌కు ఒప్పించాడు. ఆ ఊళ్ళో సెల్‌ఫోన్‌లో మాటే ముక్కలు ముక్కలుగా వస్తుంది. మొహం కనపడాలంటే ఇంట్లోని కేబుల్ నెట్టే దిక్కు.

ఆ నెట్ ఎండకాస్తే వస్తుంది, వాన పడితే పోతుంది. ఆ రోజు ముసురు. వైఫై డబ్బా మీద పచ్చలైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. సారలమ్మ తల దువ్వుకుని, పౌడర్ రాసుకుని, "నాకేం అక్కర్లేదు, నువ్వు పోరు పెడ్తున్నవని కూసుంటున్న" అంటూ ఫోన్ ముందు కూర్చుంది.

రామనర్సయ్యకు తెలిసిన మరమ్మతు ఒక్కటే. తీగను చూరు నుంచి వేళ్ళతో తడుముకుంటూ వచ్చి, అనుమానమున్న చోటల్లా ట్యూబు ముక్క చుట్టాడు. చివరి అతుకు డబ్బాలోకి దూరే చోట ఉంది. బుడగలొస్తాయేమో చూద్దామని దాని మీద చెంబుతో నీళ్ళు పోశాడు. బుడగలు రాలేదు. ఎర్రలైటు ఒకసారి మిణుకుమని, డబ్బా మొత్తమే ఆరిపోయింది.

కేబుల్ ఉమేష్ వచ్చి డబ్బాను వంచితే నీళ్ళు కారాయి. "ఖతం భయ్యా, ఇగ ఆశ వదులుకో. కొత్తది కోంట బజార్ల దొరుకుద్ది, బండెక్కు" అన్నాడు.

వదిన ఎదురుచూస్తుంటుందని రామనర్సయ్య వాకిట్లో నిలబడి ఆమెకు సెల్ కొట్టాడు. "వదినా, సారలమ్మ నీతోని మాట్లాడదామని కూసుంటే డబ్బా పోయింది. పొద్దుగాల బాగనే ఉండె. ఎర్రగ మిణికి ఆగిపోయింది. ఎంత కదిలిచ్చినా లేస్తలేదు. ఉమేష్ చూసి ఆశ వదులుకోమన్నడు."

భద్రాచలంలో కృష్ణకుమారికి వినపడింది ఇంతే: "వదినా, సారలమ్మ... పోయింది. పొద్దుగాల బాగనే ఉండె... ఆగిపోయింది. ఎంత కదిలిచ్చినా లేస్తలేదు... ఆశ వదులుకోమన్నడు." ఆపైన లైను తెగింది. ఆమె మళ్ళీ ఎంత చేసినా కలవలేదు.

"ఏమన్నది?" అని ఇక్కడ సారలమ్మ అడిగింది.

"ఏమనలే. నీ పేరు చెప్పినంక కట్ అయింది."

"కట్ అయిందా, చేసిందా?"

రామనర్సయ్య దుకాణం షట్టర్ దించేసి ఉమేష్ బండెక్కాడు. సారలమ్మ పొయ్యి ముట్టించలేదు. నిండా దుప్పటి కప్పుకుని మంచమెక్కింది.

మధ్యాహ్నానికి కృష్ణకుమారి కారు మాట్లాడుకుని దిగింది. పట్టపగలు దుకాణం మూసి ఉండటంతో, మనసులో ఏ మూలనో మిగిలిన ఆశ కూడా పోయింది. లోపలికి వెళ్తే మంచం మీద దుప్పటి. చెల్లెలి కాళ్ళ దగ్గర కూలబడి గొల్లుమంది.

ఆ ఏడుపుకు సారలమ్మకు మెలకువ వచ్చింది. లేవబోయింది.

"తప్పు నాదేనే. ఆడబిడ్డలు పరాయోళ్ళు, తక్కువైతే మాట అంటరు. నువ్వు నాదానివి గదా, ఏమనుకోవులే అనుకున్న."

సారలమ్మ లేవడం మానుకుంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట, ఇంకాస్త విందామనిపించింది. దుప్పటి కింద కళ్ళు తడిసి, చెవుల్లోకి నీళ్ళు కారుతున్నా కదల్లేదు. ఇంతలో పైన మెత్తగా, బరువుగా ఏదో పడింది. పుట్టింటి చీర కప్పకుండా చెల్లెల్ని సాగనంపకూడదని కృష్ణకుమారి పెట్టెలోంచి తీసి తెచ్చిన కొత్త పట్టుచీర అది.

"అంచు ఏం రంగే?" అంది దుప్పటి.

"నెమలికంఠం" అని అలవాటుగా చెప్పాక, కృష్ణకుమారి కెవ్వుమంది.

రామనర్సయ్య కొత్త డబ్బా చంకలో పెట్టుకుని వచ్చేసరికి వాకిట్లో కారు, లోపల ఏడుపులు. వదినా, భార్యా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. డబ్బాను గడప మీదే పెట్టేశాడు.

"ఎవలు పోయిన్రు వదినా?"

"నీ పెండ్లామే. నువ్వే గద మరిదీ చెప్పినవ్" అంది కృష్ణకుమారి ముక్కు తుడుచుకుంటూ.

సారలమ్మ ఆ చీర కట్టుకుని పొయ్యి ముట్టించింది. వారం దాకా కదిలేది లేదని కృష్ణకుమారి కారును పంపేసింది. మర్నాడు చేపల పులుసులో చింతపండు ఎంత పడాలనే దగ్గర తేడా వచ్చి, అక్కచెల్లెళ్ళు మళ్ళీ మాటలు మానేశారు. కాకపోతే ఈసారి ఒకే వంటింట్లో ఉండి మానేశారు.