పది నిమిషాలకో ఫోను

ఆమెకున్న పెద్ద భయం ఒక్కటే. తను పక్కన లేనప్పుడు పాప లేచి, కళ్లతో వెతుక్కుని, వెక్కివెక్కి ఏడవడం. కాన్పయ్యాక ఐదు నెలలకు ఆ ఉదయం మళ్లీ ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పనికి బయలుదేరింది. అత్తగారు ముందే తేల్చేశారు: ఈ ఒక్కరోజు చూద్దాం, పాప ఊరుకుంటే సరే, ఏడుస్తూ కూర్చుంటే పని మానేయడమే. ఫోను మోత పూర్తిగా పెంచి ఉయ్యాల పక్కనే పెట్టుకోమని అత్తగారికి చెప్పి మరీ వచ్చింది.

వచ్చిన పది నిమిషాలకు ఫోను చేసింది. నిద్రపోతోంది అన్నారు. మరో పది నిమిషాలకు చేస్తే, ఇప్పుడే లేచింది అన్నారు. ఆ తరువాత చేస్తే ఏడుపు తనకే వినిపించింది. ఇక చెయ్యి ఊరుకుంటుందా? పది నిమిషాలు ఐదయ్యాయి, ఐదు మూడయ్యాయి. చేసిన ప్రతిసారీ పాప గొంతు ఇంకాస్త పైకి లేచేది.

ఇవతల పరిశోధకురాలి తిప్పలు వేరు. ఆవిడ బల్లమీద పొటెన్షియోస్టాట్ అనే పెట్టె ఉంది. పాత్రలోని ద్రావణంలో ముంచిన కడ్డీ వోల్టేజిని చెప్పినచోట నిలబెట్టడం దాని పని. తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. మధ్యాహ్నానికల్లా ఫలితం కావాలని ఆవిడ దాన్ని 'ఫాస్ట్'లో పెట్టారు. తెరమీద గీత చలిజ్వరం వచ్చినట్టు వణకసాగింది. తీగలు మార్చారు, ద్రావణం మార్చారు, కడ్డీ మార్చారు. చివరికి తప్పంతా కడగడంలోనే ఉందని తేల్చి, పాత్రలన్నీ మళ్లీ కడగమన్నారు. ఆ కంగారులో పాప తల్లి తడిచేతులతో ఇంటికి ఫోను చేయబోతే అది కాస్తా జారి సబ్బునీళ్లలో మునిగింది.

ఆమె కళ్లు తుడుచుకుంటూ గిన్నెలు తోముతుంటే ఆ పెట్టె చూడటానికి మరమ్మతులాయన వచ్చాడు. తెరవంక చూశాడు.

"మేడం, ఫాస్ట్‌లో ఎందుకు పెట్టారు?"

"త్వరగా కుదురుకుంటుందని."

"ఇంక కుదురేదండీ? ఒకసారి సర్దింది అక్కడికి చేరకముందే ఇంకోసారి సర్దుతోంది. ఆ సర్దుడుకే వణుకుతోంది. కాసేపు దాని మానాన వదలండి."

'స్లో'లో పెట్టాడు. గీత నిద్రపోయినట్టు పడుకుంది. గిన్నె చేతిలో పట్టుకుని ఆమె ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది.

అంతలో ఆఫీసు ఫోను మోగింది. అత్తగారు. పని పోయిందనే అనుకుంటూ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమైపోయావే? గంటనుంచి నీ ఫోను లేదు, నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

"పాప ఏడుస్తోందా అత్తయ్యా?"

"ఎందుకేడుస్తుంది? నీ ఫోను మోత ఆగగానే పడుకుంది, ఇప్పటిదాకా కదల్లేదు. రేపు కూడా పనికి వెళ్లు. ఫోను మాత్రం చెయ్యకు."

ఆమె గిన్నెలు హాయిగా కడుక్కుంది. పది నిమిషాలకు ఆఫీసు ఫోను మళ్లీ మోగింది. పాప ఇంకా నిద్రపోతోందట. మరో ఐదు నిమిషాలకు మళ్లీ మోగింది. ఇంకా నిద్రపోతోందట, ఇంతసేపు పడుకోవచ్చా అని అడిగారు.

మీలో ఎవరైనా ఆ వీధిలో ఉంటే, ఒక్కసారి వెళ్లి అత్తగారు ఎలా ఉన్నారో చూసి రండి. పాప బాగానే ఉంది.