ఎరుపు లేని సినిమా పండగ

ఐర్లండ్ తెలుగు లఘుచిత్రోత్సవంలో కమ్యూనిజాన్ని నామరూపాల్లేకుండా చేస్తానని తెలుగు సంఘం అధ్యక్షులు డాక్టర్ కొండల్ రావు గారు లెటర్‌కెన్నీ నుంచి ప్రకటించారు. సంఘం వాట్సాప్ గ్రూపులో అందరూ "గ్రాండ్ సర్" అని పెట్టారు. అందరికంటే ముందు పెట్టింది కార్యదర్శి శ్యాం. అధ్యక్షులవారి ధైర్యానికి అతను ముగ్ధుడయ్యాడు. ఇక కమ్యూనిస్టు దొరకడమే తరువాయి.

మధులిక దొరికింది. అత్లోన్‌లో చదువుకుంటూ, తెలుగువాళ్ల బర్త్‌డేలకు వీడియోలు తీసి రెంట్ కట్టుకునే పిల్ల. ఒకే గదిలో ఇరుక్కున్న ఆరుగురు స్టూడెంట్లు హీటర్ బాగుచేయించమని ఇంటి ఓనర్ని అడిగే సినిమా పంపింది.

"ఇందులో ఎరుపేముందండీ?" అని అధ్యక్షులవారిని అడిగాడు శ్యాం.

"ఒక్కరడిగితే రిక్వెస్టయ్యా! ఆరుగురు కలిసి అడిగితే యూనియన్. ఆ పిల్లను గ్రూపుల నుంచి తీసెయ్యి."

శ్యాం తీసేశాడు. ఊళ్లో అయితే వెలి అంటారు, ఇక్కడ రిమూవ్ అంటారు. ఆ సాయంత్రమే సిటీవెస్ట్ నుంచి చంద్రకళ ఆంటీ మధులికకు ఫోన్ చేసింది. "ఏమనుకోకమ్మా, మా సహస్ర బర్త్‌డే వీడియో మేమే తీసుకుంటాం." మిగతావాళ్లు ఆ మాత్రం మర్యాద కూడా చెయ్యలేదు. రెంట్ ఎలా కట్టాలో తెలియక మధులిక శ్యాంకు ఫోన్ చేసి ఏడ్చింది. శ్యాంకు సిగ్గేసింది. కానీ వచ్చే ఏడు అధ్యక్షుడు కావాలని ఉంది కాబట్టి తమాయించుకున్నాడు.

అంతలో డాక్టర్ల యూనియన్ సమ్మెకు పిలుపిచ్చింది. కొండల్ రావు గారు ఆస్పత్రి గేటు దగ్గర ముందు వరసలో నిలబడ్డారు.

"దీన్ని సినిమా తియ్యాలె శ్యాం. మన పండగల వెయ్యాలె."

"స్ట్రైక్ కదండీ?"

"స్ట్రైకేందయ్యా! ఆత్మగౌరవం!"

వీడియోలు తీసేవాళ్లకు శ్యాం ఫోన్లు చేశాడు. స్ట్రైక్ అనగానే అందరికీ జ్వరాలొచ్చాయి. గ్రూపులోంచి పోవడం ఎవరికిష్టం?

"ఇంక మధులికే ఉందండి."

"పిలువు. పేరు మాత్రం నీది వెయ్యి."

ఆమెకు రెంట్ కావాలి కాబట్టి వచ్చింది. వానలో తడుస్తూ, "సర్, పిడికిలి ఇంకొంచెం పైకి" అంటూ ఓపిగ్గా తీసింది.

పండగలో ఆ చిత్రానికే మొదటి బహుమతి వచ్చింది. దర్శకుడు శ్యాంకు కొండల్ రావు గారు స్వయంగా శాలువా కప్పారు. హాల్లో వెనక నిలబడ్డ మధులిక కనబడగానే మైకు అందుకున్నారు.

"అమ్మాయ్, జర చూసి నేర్చుకో. రాజకీయం లేకుండ సినిమా తీసుడంటే ఇట్లుంటది."

హాలంతా చప్పట్లు కొట్టింది. శాలువా జారకుండా పట్టుకుని శ్యాం కూడా కొట్టాడు.