అలసిపోయిన చొక్కా

బాస్కెట్‌బాల్ ఫైనల్‌కి ముందు ఆఖరి వారం. తెల్లారగానే కాలేజీ కోర్టుకి వెళ్లి, మిగతా అమ్మాయిలు వచ్చేలోగా బాస్కెట్‌లో బంతులు వేసుకుందామని కెప్టెన్ అనుకుంది. రోజూ చేసేదదే. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక మళ్లీ మొదలుపెట్టేది. ఆ పట్టుదల చూస్తే ఎవరైనా సెభాష్ అనాల్సిందే! కానీ నెల్లాళ్లుగా ఆమె వేసిన బంతి బాస్కెట్ దాకా వెళ్లి ముఖం చాటేస్తోంది. చదువు ఈ ఏడాదితో సరి. ఈ కప్పు పోతే ఆమెకి మరో కప్పు లేదు.

ఆ ఉదయం చొక్కా కనిపించలేదు. అది మామూలు చొక్కా కాదు. వీపు దగ్గరున్న చిన్న యంత్రం, తొడుక్కున్నవాళ్లు ఎంత శ్రమపడ్డారో కోచ్ ఫోనుకి చేరవేస్తుంది. కోచ్‌కి తెలియకుండా చేసే ఆ దొంగచాటు ప్రాక్టీసప్పుడు కెప్టెన్ దాన్ని విప్పి గోడకి తగిలించేది.

"అమ్మమ్మా, నా చొక్కా ఏదీ?"

"ఆ కంపు చొక్కానా? మెషీన్లో పడేశాను తల్లీ, తిరుగుతోంది."

బాగానే తిరిగింది. కెప్టెన్ తడి చొక్కాతోనే కోర్టుకి చేరేసరికి కోచ్ ఫోను చూసి బెంబేలెత్తిపోతున్నాడు. ఒకప్పుడు అలిసిపోయిన ఇంకో అమ్మాయిని ఆడించి ఆమె మోకాలు పోగొట్టిన బాధ అతనికింకా ఉంది.

"పొద్దున్నే ఇన్ని గెంతులా! మనిషివా, మరబొమ్మవా? ప్రాక్టీసు బంద్. ఫైనల్‌కీ బెంచీయే."

"అది వాషింగ్ మెషీన్ సార్!"

"అయ్యో, అలసట తలకెక్కింది."

హుషారుగానే ఉన్నానని చూపించడానికి ఆమె గ్యాలరీ మెట్లన్నీ పరుగున ఎక్కి దిగింది. కోచ్ ఫోనులో లెక్క ఇంకా పెరిగింది. కోచ్ ఇంటికి ఫోన్ చేసి, "మీ మనవరాలిని మంచం దిగనివ్వకండమ్మా" అన్నాడు. పిల్లకేం ముంచుకొచ్చిందోనని అమ్మమ్మ ఆమె బూట్లు బీరువాలో పెట్టి తాళం వేసింది. కెప్టెన్ చొక్కా సంగతి ఎత్తబోతే, "మాట్లాడితే నీరసం, పడుకో" అంది. చేసేదేమీ లేక ఫైనల్ దాకా ఆ పిల్ల గుర్రుపెట్టి నిద్రపోయింది.

ఫైనల్లో జట్టు వెనకబడింది. కెప్టెన్ బెంచీ మీద కళ్లనీళ్లు పెట్టుకుంది. అది చూసి అమ్మమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"పిల్లకేం జబ్బు బాబూ? నిజం చెప్పండి."

"జబ్బు కాదమ్మా, అలసట. ఆ పొద్దున ఎంత గెంతిందో చూడండి." కోచ్ ఫోను చూపించాడు.

"అప్పుడది పళ్లు తోముకుంటోంది. చొక్కా నా మెషీన్లో ఉంది!"

కోచ్ నాలిక్కరుచుకున్నాడు. "వెళ్లమ్మా, వెళ్లు!"

వెళ్లింది. ఆహా, ఏం ఆట! నెల్లాళ్లకి కాళ్లు ఆమె మాట విన్నాయి. వేసిన బంతల్లా బాస్కెట్‌లోనే. ఆఖరి బంతి పడగానే అమ్మమ్మ కూడా గెంతింది.

కప్పు పట్టుకుని కెప్టెన్ మెల్లగా అంది, "సార్, చొక్కా విప్పేసి రోజూ ఆడేదాన్ని. నిజంగానే అలిసిపోయాను. పడుకున్నాకే తెలిసింది."

ఇప్పుడు పెద్ద మ్యాచ్ వస్తోందంటే జట్టు చొక్కాలన్నీ ముందుగా అమ్మమ్మ మెషీన్లో తిరుగుతున్నాయి, అమ్మాయిలంతా హాయిగా పడుకుంటున్నారు.