పులికి సరిపోయే కెమెరా

నీటి పన్నుల కార్యాలయంలో పనిచేసే ఒక గుమాస్తా తన జీవితంలో మొట్టమొదటి డిజిటల్ కెమెరా కొనాలని నిశ్చయించుకున్నట్టు ప్రజలందరికీ సగర్వంగా తెలియజేయడమైనది. కారణం మాత్రం అంత చెప్పుకోదగ్గది కాదు. ఆయన కూతురికి ముందు పళ్లు రెండూ ఊడాయి. ఆ పిల్ల తొర్రి నవ్వు నవ్వితే ఇల్లంతా నవ్వేది. కొత్త పళ్లు వచ్చేలోపు ఆ నవ్వును ఫొటో తీసి దాచుకోవాలని తండ్రి ముచ్చటపడ్డాడు. ఇంత చిన్న కోరికతో ఇంత పెద్ద రంగంలోకి దిగకూడదని ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

"నా ఫోనుతో తీసేస్తే పోదా?" అంది భార్య. ఆ ఫోను అద్దం ఒక మూల పగిలి ఉంది. ఆయన ఆవిడ వంక జాలిగా చూసి, బావమరిదికి కబురు పెట్టాడు.

బావమరిది ఛాయాచిత్ర ప్రియుల సమితిలో సభ్యుడు. "కెమెరా కొనడమేంటి బావా! కొంటే ఓ సిస్టమ్‌ కొనాలి," అన్నాడు. గుమాస్తాకి అర్థం కాలేదు. అర్థం కాలేదు కనక గౌరవం కలిగింది. మర్నాడే సమితిలో చేరాడు.

సమితి సభ్యులు కళ కోసం ప్రాణమిచ్చే మనుషులు. కెమెరాలను తేమ తగలని పెట్టెల్లో ఉంచి, ఆదివారం బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టేస్తారు. వాడితే పాడవుతాయని వాళ్ల భయం. కొత్త సభ్యుణ్ణి ఆహ్వానిస్తూ అధ్యక్షులవారు గంభీరంగా ఉపన్యసించారు.

"సోదరులారా! బొత్తాం ఎవడైనా నొక్కుతాడు. నొక్కకుండా ఉండగలగడమే సాధన! తగిన వెలుతురు కోసం నేను ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాను. ఇంకా చూస్తాను!"

చప్పట్లు మారుమోగాయి.

సమితిలో రెండు కంపెనీల పేరిట రెండు ముఠాలున్నాయి. ఒక ముఠావాళ్లు కూర్చున్న బల్ల దగ్గర రెండో ముఠావాళ్లు టీ కూడా తాగరు. అవతలివాళ్ల కెమెరాలో మనుషుల ముఖాలు పచ్చగా వస్తాయని ఒక వర్గం నిరూపించింది. ఆ ముఖాలే పచ్చగా ఉన్నాయని రెండో వర్గం నిరూపించింది. గుమాస్తా ఇరుపక్షాల వాదనలనూ నిష్పక్షపాతంగా వింటూ ఆఫీసు పని మానేశాడు. నీటి పన్నులు ఎప్పట్లాగే వసూలవుతూ వచ్చాయి కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

"ఏవండీ, దాని చిగురు మీద తెల్లగా కనిపిస్తోంది. పన్ను వచ్చేస్తోంది," అంది భార్య.

"కంగారుపడకు. కొత్త మోడల్ కూడా వచ్చేస్తోందట."

అది రానే వచ్చింది. ఆయన దుకాణానికి పరుగెత్తాడు.

"ఏం తీస్తారు సార్?" అన్నాడు దుకాణదారు.

"మా అమ్మాయిని."

"ఇవాళంటే అమ్మాయి. రేపు పులిని తీయాల్సొస్తే?"

"మా ఇంట్లో పులి లేదండీ."

"ఇప్పటికి లేదు సార్."

ఈ వాదనకు తిరుగులేకపోయింది. రాబోయే పులిని దృష్టిలో ఉంచుకుని గుమాస్తా మోచెయ్యంత లెన్సుతో ఇంటికొచ్చాడు. ఇల్లు రెండు గదులు. ఈ గోడకి ఆనుకుని ఆ గోడ దగ్గరున్న పిల్లను చూస్తే లెన్సులో ఒక ముక్కుపుటం మాత్రమే పట్టింది.

"తప్పు లెన్సుది కాదు బావా, ఇల్లు చిన్నది," అన్నాడు బావమరిది.

అందువల్ల ఆయన ఎదురింటి మేడెక్కాడు. భార్య పిల్లను తమ ఇంటి కిటికీలో నిలబెట్టి పక్కనే నించుంది. ఆయన పిట్టగోడ మీంచి వంగాడు. పడిపోకుండా ఎదురింటాయన వెనక నుంచి చొక్కా పట్టుకున్నాడు. వీధిలో జనం పోగయ్యారు. "నవ్వమ్మా!" అని తండ్రి అరిచాడు. కంటికి తొండం మొలిచినట్టున్న తండ్రిని, గాలిలో తేలుతున్న ఆయన చెప్పుల్ని చూసి పిల్ల పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడు కెమెరా ఆయన్ని ఏ దేశపు కాలమానం కావాలో ఎంచుకోమంది. ఆయన ఎంచుకునేలోపు నవ్వు అయిపోయింది, బ్యాటరీ కూడా అయిపోయింది.

కెమెరా లొంగే నాటికి పళ్లు రెండూ వచ్చేశాయి. అప్పుడు తీసిన ఫొటోలో ఒక్కో కనురెప్ప వెంట్రుకనూ లెక్కపెట్టుకోవచ్చు. అన్నాళ్లూ "కదలకు, కదలకు" అనిపించుకున్న పిల్ల మాత్రం పెదాలు బిగించి, గుర్తింపు కార్డులో మనిషిలా నిలబడి ఉంది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు కిటికీ పక్కన నువ్వేమైనా తీశావా?" అని భార్యనడిగాడు. ఆవిడ ఫోను అందించింది. తొర్రి నవ్వు, వెలుతురు పడిన చెంప, నవ్వీ నవ్వీ నీళ్లు నిండిన కళ్లు. ఆ సాయంత్రం ఆయన ఫోను తిరిగివ్వలేదు.

ఆ ఫొటోను ఆయనే భార్య పేరుతో సమితి పోటీకి పంపి, ఆవిణ్ణి సభకు వెంటబెట్టుకెళ్లాడు. అధ్యక్షులవారు పరవశించిపోయారు. "ఎంత లోతు! ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన వెలుతురు ఇదే! ఏ లెన్సమ్మా?"

"లెన్సేం లేదండీ, నా ఫోనే. మూల కాస్త పగిలిందంతే."

అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకుని ఫొటోను మళ్లీ చూశారు. పునఃపరిశీలనలో ఆ చిత్రానికి లోతు లేదని, వెలుతురు సాధారణమైనదని తేలింది. తన కెమెరాను అద్దంలో ఫొటో తీసుకున్న సభ్యుడికి ప్రథమ బహుమతి ప్రకటించారు.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. అందరూ సమితిని తిట్టారు. అందరూ ఆ నవ్వు కోసం కళ్లు తుడుచుకున్నారు. ఆ పిల్ల మళ్లీ ఎప్పుడైనా అలా నవ్విందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. తుడుచుకోవడం పూర్తికాగానే అందరూ అడిగింది ఒకటే, ఆ ఫోను ఏ కంపెనీదని. మీరూ దానికోసమే ఇంతవరకూ చదివి ఉంటే, క్షమించాలి, నేను కనుక్కోలేదు.