విలువల పరీక్షలో పదిహేడో ప్రశ్న

"విద్యార్థుల విలువలను ఇకపై మార్కుల్లో కొలుస్తాం. ముప్పై అయిదు రానివాళ్లకు డిగ్రీ సర్టిఫికెట్ లేదు" అని విద్యామంత్రిగారు ప్రకటించగానే మా యూనివర్సిటీ పులకించిపోయింది. ఎత్తు కొలుస్తున్నాం, బరువు కొలుస్తున్నాం, నిజాయితీ ఏం పాపం చేసిందని వారు అడిగారు.

పరీక్ష బాధ్యత మా డీన్‌గారి మీద పడింది. నేను ఆయన టైపిస్టును. ఇరవై రెండేళ్లుగా ఆయన నోట్లోంచి ఏది వస్తే అది టైపు చేస్తున్నాను. అర్థం చేసుకోవడం నా డ్యూటీలో లేదు. నలభై ప్రశ్నలూ, వాటి జవాబులూ ఒక్క పూటలో చెప్పేశారు మహానుభావుడు. కాగితాలు ఎగిరిపోతుంటే మధ్యలో ఒకసారి నన్ను విసుక్కున్నారు. అదీ టైపు చేశాను.

జవాబుల కీ పరమ రహస్యం. గేటు పక్క జిరాక్స్ షాపులో తప్ప ఇంకెక్కడా దొరకలేదు.

మా అక్క కూతురు మా యూనివర్సిటీలోనే ఫైనలియర్. కీ తెచ్చిస్తానన్నాను.

"విలువల పరీక్షకి కాపీ ఏంటి మావయ్యా? సిగ్గుగా లేదూ?" అంది.

అక్క పెంపకంలో ఏదో లోపం ఉందనుకున్నాను.

ఫలితాలొచ్చాయి. నాలుగు వందల పన్నెండు మందికి నూటికి నూరు. మా పిల్లకు ముప్పై నాలుగు. పదిహేడో ప్రశ్న "దారిలో పర్సు దొరికితే ఏం చేస్తావు?" దానికి తను "లోపల అడ్రసు చూసి, వెళ్లి ఇచ్చేస్తాను" అని రాసింది. సున్నా. కీలో ఉన్న జవాబు ఇది: "ఏమయ్యా, ఆ ఫ్యాన్ కాస్త తగ్గించు, చంపుతోంది." మిగతా అందరూ కామాతో సహా అదే రాశారు.

"పర్సు దొరికినా కరెంటు పొదుపు మరవని యువతరం!" అని మంత్రిగారు విలేకరుల ముందు కళ్లు తుడుచుకున్నారు.

సోమవారంలోగా సర్టిఫికెట్ చూపించకపోతే మా పిల్లకొచ్చిన ల్యాబ్ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అక్క ముఖం ఎలా చూడాలో తెలియక, భయపడుతూనే డీన్‌గారి దగ్గరికెళ్లి తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

"మంత్రిగారు మెచ్చుకున్న జవాబు తప్పెలా అవుతుందయ్యా?" అన్నారాయన. అయినా దయామయుడు. ఆ ఒక్క ప్రశ్నా మళ్లీ నోటితో అడుగుతానన్నారు.

శనివారం పిల్లను తీసుకెళ్లాను. రికార్డు కోసం నేను టైపు మిషన్ ముందు కూర్చున్నాను.

"దారిలో పర్సు దొరికితే ఏం చేస్తావమ్మా?"

చావనైనా చస్తుంది గానీ పాత జవాబే చెబుతుందని నాకు తెలుసు. చెప్పబోయింది కూడా. ఇంతలో టేబుల్ మీది ఫైళ్లలో కాగితాలు ఒక్కసారిగా గాల్లోకి లేచాయి.

"అయ్యో! సార్, ముందు ఆ ఫ్యాన్ కాస్త తగ్గించనా?"

"శభాష్!" డీన్‌గారు లేచి నిలబడ్డారు. "ఇన్నాళ్లకు దారికొచ్చావు. ఫుల్ మార్కులు!" అక్కడికక్కడే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, సీలు గుద్దారు.

పిల్ల బిత్తరపోయి, కిందపడ్డ కాగితాలు ఏరసాగింది. కుర్చీ కింద ఉబ్బెత్తుగా ఒక పర్సు కనిపించింది. తెరిచి చూసి, రెండు చేతులతో ఆయనకు అందించింది.

"మీదే సార్. లోపల మీ కార్డుంది."

డీన్‌గారు పర్సు జేబులో పెట్టుకుని చిరాగ్గా చూశారు.

"మార్కులు వేసేశాను కదమ్మా. ఇంకా ఇవన్నీ దేనికి?"

అదీ టైపు చేశాను.